చెప్పులిడువు అవ్వా

చేను నుంచి నేరుగా వచ్చిన అరవై ఏళ్ల అవ్వ. పల్లె దవాఖాన అరుగు మీద కూర్చుంది. ఐదారేళ్లుగా షుగరు. నెల గోలీలు తీసుకుని బస్సు అందుకోవాలని తొందర. వికారాబాద్, తాండూరు పల్లెల్లో ఎక్కడైనా ఇలాంటి అవ్వలు కనిపిస్తారు. నర్సు గోలీలు చేతిలో పెట్టి పంపేయొచ్చు. "చెప్పులిడువు అవ్వా, కాలు జూస్తా" అనీ అనొచ్చు. ఆ ఒక్క మాటతో ఒక కాలు నిలబడొచ్చు.

షుగరు ఏళ్ల తరబడి అదుపు తప్పితే నరాలు దెబ్బతింటాయి. అన్నిటికన్నా పొడవైనవి పాదాలకు వెళ్లే నరాలు, అందుకే దెబ్బ ముందు అక్కడే తగులుతుంది. మొదట తిమ్మిర్లు, మంటలు. తర్వాత స్పర్శే పోతుంది. పత్తి చేనులో మోడు గుచ్చుకున్నా, తుమ్మ ముల్లు దిగినా తెలియదు. నొప్పి లేదు కాబట్టి పుండు లేదనుకుంటారు. నర్సు చూపు మొదలు కావలసింది ఇక్కడే. మడమ పగుళ్లు, ఆనెలు, గోళ్ల మూలలు, వేళ్ల సందుల్లో పాసిన చర్మం చూడాలి. పాదం మీద నాడి అందుతోందో లేదో వేలితో పట్టి చూడాలి. తర్వాత అవ్వను కళ్లు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగును పాదం మీద ఆనించి "తగిలిందా?" అని అడగాలి. ఎక్కడ జవాబు రాదో ఆ కాలికి ప్రమాదం పొంచి ఉంది.

కాలు చూశాక బీపీ. అది చూడటం తేలికని అందరూ అనుకుంటారు. తప్పులు జరిగేది అక్కడే. మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ కట్టకూడదు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపుకు ఆనుడు, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. అరగంట ముందు చాయ్, బీడీ ఉండకూడదు. చూస్తున్నంతసేపూ మాట్లాడించకూడదు. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. 140/90 అనే గీత దగ్గర ఈ చిన్న తేడాలే ఒక మనిషిని జీవితాంతం గోలీల్లోకి నెట్టొచ్చు, లేదా గోలీ కావలసిన మనిషిని ఉత్తచేతులతో ఇంటికి పంపొచ్చు.

30 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు పరీక్షలు చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమం. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి వివరాలు రాస్తారు. డ్రోన్లతో మందులు చేరవేసే ప్రయోగం 2021 సెప్టెంబరులో మొదలైంది ఈ వికారాబాద్‌లోనే. మందు ఆకాశంలో ఎగిరి రావచ్చు. దాన్ని రోజూ వేసుకునేలా చేసేది మాత్రం ఎదురుగా కూర్చున్న నర్సు మాటే.

ఆ మాట ఎలా ఉండాలి? "ఉప్పు తగ్గించు" అంటే ఎవరూ తగ్గించరు. "కిలో ఉప్పు ప్యాకెట్ మీ ఇంట్ల ఎన్ని రోజులొస్తది?" అని అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు కనీసం 50 రోజులు రావాలి, తొక్కుల్లో కలిపేది కూడా లెక్కేసుకుని. ఇరవై రోజులకే అయిపోతోందంటే అవ్వకే అర్థమవుతుంది. వంట చేసేది కోడలైతే ఆ మాట కోడలికీ చెప్పాలి.

"రోజూ గోలీలు మింగితే కిడ్నీలు ఖరాబైతయ్" అన్న భయం ఊరూరా ఉంది. దాన్ని కసిరి కొట్టిపారేస్తే లోపలే ఉండిపోతుంది. అదుపులో లేని బీపీ, షుగరే కిడ్నీలను తినేస్తాయని, ఈ గోలీలు వాటిని కాపాడటానికేనని ఓపికగా చెప్పాలి. ఇంకో చిక్కుంది. అనంతగిరి టీబీ దవాఖాన తెలిసిన ప్రాంతమిది. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు పూర్తయితే మందు ఆగుతుంది. బీపీ మందూ అలాంటిదేననుకుని, మంచిగుందని ఆపేసేవాళ్లు ఎందరో. మంచిగున్నది గోలీ వల్లేనని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఇదీ చెప్పి పంపాలి. షుగరు మందు వాడేవాళ్లకు ఒళ్లంతా చెమట, వణుకు, గుండె దడ వస్తే షుగరు పడిపోయి ఉండొచ్చు. వెంటనే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటలో మళ్లీ చూసుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108 అంబులెన్సును పిలవాలి. రోజా ఉండేవాళ్లు, ఒక్కపొద్దు ఉండేవాళ్లు ముందే దవాఖానలో అడిగి మందు వేళలు మార్పించుకోవాలి.

ఇంత చెప్పాక "అర్థమైందా?" అని అడగడం వృథా. అందరూ తలూపుతారు. "ఇంటికి పోయి కోడలికి ఏం చెప్తవ్ అవ్వా?" అని అడిగితే తేలిపోతుంది. అవ్వ చెప్పలేకపోతే తప్పు ఆమెది కాదు, మనం చెప్పిన తీరుది. మళ్లీ చెప్పాలి.

మీ ఇంట్లో షుగరున్న పెద్దవాళ్లుంటే ఈ రాత్రే వాళ్ల పాదాలు వెలుతురులో పెట్టి చూడండి. వేళ్ల సందులు కూడా.