నిద్ర పుచ్చారా, డాక్టరుగారూ?

వెంటిలేటర్‌పై ఉన్న మనిషిని చూసొచ్చిన బంధువులు ముందుగా అడిగే ప్రశ్న అదే. గొంతులో గొట్టం, మాట రాదు, మింగుడుపడదు. అలాంటప్పుడు గాఢనిద్రే దయ అనిపిస్తుంది. చాలాకాలం వైద్యులూ అలాగే భావించారు.

ఆ నమ్మకాన్ని కదిలించింది 2000లో వెలువడిన షికాగో విశ్వవిద్యాలయ వైద్యుల అధ్యయనం. 128 మందిలో ఒక బృందానికి రోజుకోసారి మత్తుమందు ఆపి, మెలకువ వచ్చేదాకా చూశారు. వారిలో సగం మంది 4.9 రోజుల్లోపే వెంటిలేటర్ నుంచి బయటపడ్డారు. మామూలు పద్ధతిలో ఉన్నవారికి అందుకు 7.3 రోజులు పట్టింది. మిడజోలామ్ లాంటి మందు కొవ్వులో పేరుకుంటుంది. కాలేయం, కిడ్నీలు దెబ్బతింటే డ్రిప్ ఆపినా మత్తు దిగదు. రోగి సొంతంగా ఊపిరి తీసుకోగలడో లేదో తేలదు. వెంటిలేటర్‌పై రోజులు పెరిగేకొద్దీ కండరాలు నీరసిస్తాయి, బిల్లూ పెరుగుతుంది.

అలాగని మత్తు పూర్తిగా మానేయడమూ మంత్రం కాదు. 700 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. అసలు మత్తు ఇవ్వనివారికీ, తేలికగా ఇచ్చినవారికీ మధ్య 90 రోజుల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆగని ఫిట్స్, మెదడులో ఒత్తిడి, బోర్లా పడుకోబెట్టాల్సినంత తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి ఉంటే గాఢమైన మత్తు తప్పకపోవచ్చు. మిగతా చాలామందికి నొప్పి తగ్గించి, పిలిస్తే పలికేంత మత్తు చాలన్నది ఇప్పటి వైద్యుల మాట.

చిక్కంతా ఆ పిలుపులోనే ఉంది. మత్తును కొలిచే రాస్ స్కేలు ప్లస్ 4 నుంచి మైనస్ 5 వరకు ఉంటుంది. నర్సు పేరు పెట్టి పిలిచి, కళ్లు తెరిచి తనవైపు చూడమంటుంది. పది సెకన్లకు పైగా చూపు నిలిపితే మైనస్ 1, అంతకంటే తక్కువైతే మైనస్ 2. మరి ఏ భాషలో పిలవాలి? సూరత్‌లో ఇది ఊహకందని ప్రశ్నేమీ కాదు. మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో దశాబ్దాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులూ నడిపింది. పిల్లలకు గుజరాతీ, హిందీ నీళ్లప్రాయం. ముసలి తల్లికి ఆ భాషలు రాకపోతే? సగం మత్తులో ‘ఆంఖ్ ఖోలో’ అంటే ఆమె కదలకపోవచ్చు. లోతైన మత్తులో ఉందని రాసేస్తారు. బెదిరి గొట్టం లాగబోతే చేతులు కడతారు, లేదా మందు పెంచుతారు. రోగి మేలుకుని ఉంటే పక్కన నర్సు ఉండాలి, డ్రిప్ పెంచడానికి మాత్రం ఎవరూ అక్కర్లేదు. మన ఐసీయూల్లో మత్తు లోతును చాలాసార్లు నిర్ణయించేది రోగం కాదు, సిబ్బంది కొరత.

కొవిడ్ రోజుల్లో బంధువులను లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు ఆ అడ్డు లేదు. ఉదయం మత్తు తగ్గించే సమయం ఎప్పుడో అడిగి, ఆ పది నిమిషాలు కూతురిని పక్కన నిలబడనిస్తే చాలు.

‘అమ్మా, కండ్లు తెరువు. నా చెయ్యి పట్టుకో’ అనడానికి దుబాసీ అక్కర్లేదు.