బలపం ఎవరిది?

ఒకటో తరగతిలో బలపం ముక్క ఒకటి కింద పడితే చాలు, "నాదంటే నాది" అంటూ రెండు చేతులు దానిమీద పడతాయి. ఇద్దరి వీపులూ వాయించి ఆ తగవు తీర్చడం మా చిన్ననాటి న్యాయం. తగవు అప్పటికి అణిగేదే గాని తీరేది కాదు. బడి వదలగానే వీధి మలుపులో మళ్ళీ మొదలయ్యేది.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పోవలసిందే. మరి ఆ చోట ఏం పెట్టాలి?

1907లో రోము నగరపు పేదవాడలో పసిపిల్లల బడి తెరిచిన మరియా మాంటిసోరీ మార్గం చిత్రమైనది. ఆమె పద్ధతిలో తరగతికి ఒక్కొక్క వస్తువూ ఒక్కటే ఉంటుంది. ఒకరు తీసుకుంటే, పని ముగించి తిరిగి అరలో పెట్టేదాకా రెండోవారు ఆగాలి. ఓపిక పట్టమని నీతులు చెప్పనక్కరలేదు. ఆ ఒక్క వస్తువే నేర్పుతుంది. 1939లో ఆవిడ మద్రాసు అడయారుకు వచ్చి, మన ఉపాధ్యాయులకూ ఈ పద్ధతి బోధించారు.

మొన్న మా పిల్లలిద్దరూ ఒక రంగు పెన్సిలు కోసం జుట్లు పట్టుకున్నారు. అలవాటు చొప్పున చెయ్యెత్తాను. చిన్నది కళ్ళు మూసుకుని తల వంచింది. అది చూసి నా చెయ్యి దానంతటదే దిగిపోయింది. "ఒకరి తరువాత ఒకరు చెప్పండి. ఒకరు చెబుతుంటే రెండోవారు వినాలి" అన్నాను. కాసేపటికి వాళ్ళే వంతులు వేసుకున్నారు.

పాఠాలు చెప్పడం నా వృత్తే. ఈ పాఠం మాత్రం నలభై దాటాక, ఒకటో తరగతి పిల్ల దగ్గర నేర్చుకున్నాను.