వార్తల్లో పదం: జంతు నమూనా

శ్రావణ మాసంలో కౌతాళం మండలం ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి లక్షల మంది వస్తారు. ఇలాంటి జాతరల్లో తాగునీరు కలుషితమైతే కలరా, టైఫాయిడ్ ముప్పు పొంచి ఉంటుంది. ఈ జబ్బులు పేగుల్లో ఎలా ముదురుతాయో, ఏ మందు పనిచేస్తుందో తెలుసుకునేందుకు శాస్త్రవేత్తలు ఎలుక, కుందేలు వంటి ప్రాణులకు ఆ ఇన్ఫెక్షన్ కలిగించి పరిశీలిస్తారు. ఆ ప్రాణినే జంతు నమూనా అంటారు.

1884లో కలకత్తాలో శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలరా బ్యాక్టీరియాను గుర్తించినా, జంతువుల్లో ఆ వ్యాధిని పుట్టించలేకపోయారు. అదే నగరంలో శాస్త్రవేత్త శంభునాథ్ డే 1953లో కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా కట్టి, అందులోకి ఆ బ్యాక్టీరియాను ఎక్కించారు. ఆ భాగం నీరు చేరి ఉబ్బింది. బ్యాక్టీరియాను వడకట్టి తీసేసిన ద్రవం కూడా అదే పని చేస్తుందని 1959లో తేల్చారు. అంటే నీళ్ల విరేచనాలకు కారణం ఆ బ్యాక్టీరియా విడిచే విషమే.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. టైఫాయిడ్ బ్యాక్టీరియా సహజంగా మనుషులకే సోకుతుంది. అందుకే ఎలుకల్లో దాని దగ్గరి రకంతో పరీక్షిస్తారు. ఆ ఫలితాలు మనుషులకు యథాతథంగా వర్తించవు. టీకాలకు మనుషులపై పరీక్షలు తప్పనిసరి.

కలరా ప్రాణం తీసేది ఒంట్లో నీరు, లవణాలు హరించుకుపోవడం వల్లే. విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్‌ఎస్ తాగించండి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.