బెట్ట రాకముందే

తుపాను వస్తే టీవీలో కనబడుతుంది. రెండు రోజుల్లో చందాలు పోగవుతాయి. గుంతకల్లు చుట్టుపక్కల ఊళ్లకు వచ్చే విపత్తుకు చప్పుడుండదు. ముంగారు వానకు పదును చూసి విత్తనం వేస్తారు. మొలక బాగానే వస్తుంది. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తుంది. మూడు వారాల బెట్ట చాలు. చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయ ఉండదు. దాన్ని ఫొటో తీసి ఎవరికి పంపుతాం?

అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే బరువు దించుకుని వస్తాయి మరి. అయినా పంటను చంపేది వాన తక్కువ కావడం కన్నా వానకూ వానకూ మధ్య ఎడం. ఎకరంలో 25 మిల్లీమీటర్లు కురిస్తే లక్ష లీటర్ల నీళ్లు. పొలం వాలున కుంట తవ్వి అందులో కొంత ఆపుకుంటే, ఊడల దశలో ఒక్క తడి ఇచ్చి పంటను గట్టెక్కించవచ్చు. ఎర్రనేలలో కుంట నీళ్లు ఇంకిపోతాయి, అడుగున పట్టా పరవాలి. నల్లరేగడి వాళ్ల దారి వేరు: నేల పట్టి ఉంచిన పదునుతోనే రబీలో పప్పుశనగ పండించుకుంటారు. వేరుశనగలో కంది సాళ్లు వేసుకున్నవాడికి శనక్కాయ పోయినా లోతు వేళ్ల కంది కొంత మిగులుస్తుంది. కదిరి పరిశోధన కేంద్రం బెట్టను ఓర్చుకునే కదిరి లేపాక్షి రకాన్నీ ఇచ్చింది.

బోరు మాత్రం ఒంటరివాడి జూదం. ఒకడు 300 అడుగులు దించితే పక్కవాడు 600 దించుతాడు. చివరికి రెండూ ఎండుతాయి, అప్పు మిగులుతుంది.

కరువు మనకు కొత్త కాదు. మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకునేది 1876–78 నాటిది. దాని తర్వాత 1880 ఫామిన్ కమిషన్ కరువు ప్రాంతాలకు తిండిగింజలు చేరాలంటే రైలు మార్గాలు వేయాలంది. 1952లో రాయలసీమ గంజి కేంద్రాల ముందు నిలబడింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది మన జిల్లా బండ్లపల్లిలోనే. జనం దాన్ని ‘కరువు పని’ అన్నారు. పేరు సరిగ్గా పెట్టారు: సుగ్గికి, అంటే వలస కూలికి, పోకుండా ఊళ్లోనే కూలి దొరికింది, కుంటలూ తవ్వుకున్నారు.

మన జిల్లాకు నీళ్లిచ్చే తుంగభద్ర ఎగువ కాలువ ఉంది కదా అనుకోవచ్చు. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. వారంలో తాత్కాలిక గేటు నిలబెట్టారు గానీ, ఈలోపు నిండు డ్యాం నీళ్లు ఎన్నో కిందికి పోయాయి.

అందుకే వాన నీళ్లను ఊళ్లోనే ఆపుకోవాలి. బయట ఉన్న మనం ఊరికి ఫోన్ చేసినప్పుడు వాన పడిందా అని ఎలాగూ అడుగుతాం. చెరువు పూడిక ఎప్పుడు తీశారో కూడా అడగండి. బోరుకు పంపే డబ్బు ఈసారి పూడికకు పంపండి. మే నెల దాటకముందే పంపండి, ముంగారు మొదలైతే చెరువులో పని సాగదు.