నకిలీ ఖాతాలు లేని నకిలీ లైకులు: హోండురాస్ ఉదాహరణ

ఒక పోస్టు కింద వెయ్యి లైకులు కనిపిస్తే వెయ్యిమందికి అది నచ్చిందని అనుకుంటాం. నిజానికి ఆ సంఖ్య లెక్కించేది నొక్కులను. నొక్కినవారు ఎందరన్నది వేరే ప్రశ్న. ఈ తేడాను అర్థం చేసుకోవడానికి మధ్య అమెరికాలోని హోండురాస్‌లో జరిగిన సంగతిని పరిశీలిద్దాం.

ముందు ఫేస్‌బుక్ అమరిక తెలియాలి. వ్యక్తికి ఉండేది ప్రొఫైల్. 2018 నాటి నియమం ప్రకారం ఒకరికి ఒక్కటే ఉండాలి. దుకాణాలు, సంస్థలు, నాయకులు, నటుల కోసం ఉద్దేశించినది పేజీ. ఒకే యజమాని నాలుగు దుకాణాలు నడిపినట్లు, ఒక్క ప్రొఫైల్ ఉన్న వ్యక్తి ఎన్నో పేజీలు నడపవచ్చు. పేజీ తన పేరుతోనే ఇతరుల పోస్టులకు లైకు కొట్టగలదు, వ్యాఖ్య రాయగలదు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. పేజీకి మనిషి పేరు పెట్టి, ఒక ఫోటో, ఒక ఉద్యోగం, ఒక ఊరు చేర్చితే చూసేవారికి అది మనిషిలాగే కనిపిస్తుంది.

2018లో ఫేస్‌బుక్‌లో డేటా సైంటిస్టుగా పనిచేస్తున్న సోఫీ జాంగ్, అప్పటి హోండురాస్ అధ్యక్షుడు హువాన్ ఒర్లాండో హెర్నాండెస్ పోస్టులకు వస్తున్న లైకులను పరిశీలించారు. ఆ ఏడాది జూన్, జూలై నెలల్లో ఆరు వారాల కాలంలో లైకు కొట్టిన 59,100 పేర్లలో దాదాపు 78 శాతం మనుషులవి కావని తేలింది. అవి మనుషుల వేషం వేసిన పేజీలు. వాటిలో వందల పేజీలను నడుపుతున్నది అధ్యక్షుడి అధికారిక పేజీ నిర్వాహకులలో ఒకరే!

ఫేస్‌బుక్‌కు నకిలీ ఖాతాలను పట్టే యంత్రాంగం లేక కాదు. 2019 మొదటి మూడు నెలల్లోనే దాదాపు 219 కోట్ల నకిలీ ఖాతాలను తొలగించినట్లు ఆ సంస్థ ప్రకటించింది. కానీ ఆ యంత్రాంగం వెతికేది దొంగ ప్రొఫైళ్లను. ఇక్కడ పేజీల వెనుక ఉన్నది నిజమైన మనిషి, నిజమైన ప్రొఫైల్. ఖాతా అసలుది, స్పందన నకిలీది. ఈ రెండింటినీ ‘ఫేక్ అకౌంట్లు’ అనే ఒకే మాట కింద చేర్చడం పొరపాటని నా అభిప్రాయం. అలా చేర్చినప్పుడు రెండోది కంటికి ఆనదు.

దీని వల్ల నష్టం ఎవరికి? హెర్నాండెస్ 2017 నవంబరులో వివాదాస్పదమైన ఎన్నికలో రెండోసారి గెలిచారు. ఫలితాలపై ప్రజలు వీధుల్లోకి వచ్చారు. అటువంటి చోట అధ్యక్షుడి ప్రతి పోస్టు కింద వేల మెచ్చుకోళ్లు చూసిన సామాన్యుడు, వ్యతిరేకిస్తున్నది తానొక్కడినే కాబోలు అనుకునే ప్రమాదం ఉంది. వ్యాపార ప్రకటనకు లైకులు కొనుక్కుంటే పోయేది కొనుగోలుదారు డబ్బు. ఇక్కడ పోయేది పౌరుడి ధైర్యం.

జాంగ్ ఈ విషయాన్ని 2018 ఆగస్టులో సంస్థ దృష్టికి తెచ్చారు. పేజీలను తొలగించింది మాత్రం 2019 జూలైలో, అంటే దాదాపు ఏడాదికి. రెండు వారాలు తిరగకుండానే అదే స్థాయిలో అవి మళ్లీ మొదలయ్యాయని ఆమె తరువాత వెల్లడించారు. 2020 సెప్టెంబరులో సంస్థ ఆమెను ఉద్యోగం నుంచి తొలగించింది. తమ పనితీరు గురించి ఆమె చెప్పిన తీరుతో ఏకీభవించడం లేదని ఫేస్‌బుక్ అన్నది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ప్రొఫైల్‌కూ పేజీకీ గల తేడాను వివరించి, ఆ తేడా హోండురాస్‌లో ఎలా దుర్వినియోగమైందో రాయండి.

2. మీ ప్రాంత నాయకుడి పోస్టు ఒకటి తీసుకుని, దాని కింద వ్యాఖ్యలు రాసిన పది పేర్లను తెరిచి చూడండి. ఎన్ని ప్రొఫైళ్లు, ఎన్ని పేజీలు? ఏ ఆధారంతో అలా నిర్ణయించారు?