తాతయ్య ‘రోజూ నడుస్తున్నా కదా’ అంటే సరిపోదు

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో గుడ్‌మార్నింగ్ పువ్వుల మధ్య ఒక్కోసారి ఇలాంటి మెసేజ్ వచ్చిపడుతుంది. ‘రాత్రి అమ్మమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగిందట. రేపు ఆపరేషన్.’ కింద వరసగా దండం పెట్టే ఎమోజీలు. ‘పెద్ద వయసు కదా, ఏం చేస్తాం’ అని ఓ బాబాయ్ తేల్చేస్తాడు.

చేయొచ్చు. చాలానే చేయొచ్చు. కాకపోతే ఆ మెసేజ్ రాకముందే చేయాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా దాదాపు 6,84,000 మంది కిందపడటం వల్ల చనిపోతున్నారు. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఎక్కువగా బలయ్యేది 60 దాటినవాళ్లే. బండి తీస్తే చాలు ‘హెల్మెట్ పెట్టుకో’ అని మన వెంటపడే పెద్దవాళ్లకి, తమ ఇంట్లోనే ఇంత ముప్పు ఉందని ఎవరూ చెప్పరు.

తడి నేల మీద మనమూ జారతాం. కానీ పడం. జారిన ఆ అరక్షణంలో కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ కలిసి మెదడుకి కబురు పంపిస్తాయి. తొడ కండరాలు బిగుసుకుంటాయి, ఇంకో కాలు గబుక్కున ముందుకు పడి ఒంటిని ఆపేస్తుంది. వయసు మీదపడేకొద్దీ ఈ గొలుసులో ప్రతి లంకె వదులవుతుంది. తొడల్లో కండ కరుగుతుంది. షుగర్ ముదిరితే పాదాలకి నేల సరిగ్గా తెలియదు. శుక్లాల వల్ల గడప మసకగా కనిపిస్తుంది. అంటే నేల తడిగా ఉండటం సగం కథే. మిగతా సగం కాళ్లలో ఉంది. ఫిజియోథెరపీ పనిచేసేది అక్కడే.

మరి మనింట్లో వాళ్ల కాళ్ల సంగతి తెలిసేదెలా? ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. చేతులున్న కుర్చీలో తాతయ్యని కూర్చోబెట్టండి. అక్కడి నుంచి 3 మీటర్ల దూరంలో నేల మీద ఓ గీత గీయండి. ‘మొదలెట్టండి’ అనగానే ఆయన లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చోవాలి. చేతికర్ర అలవాటుంటే దాంతోనే. మీరు పక్కనే ఉండండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పట్టిందంటే పడే ముప్పు ఉన్నట్టే లెక్క. ఇంకోటి కూడా చూడొచ్చు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ల మధ్య మగవాళ్లయితే 12, ఆడవాళ్లయితే 10 సార్లకి తగ్గితే కాళ్లలో బలం చాలట్లేదని అర్థం.

ఇక్కడ న్యూజిలాండ్ ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. అక్కడి ఒటాగో యూనివర్సిటీ పరిశోధకులు 1990ల్లో 80 దాటిన 233 మంది బామ్మలతో ఓ ప్రయోగం చేశారు. ఫిజియోథెరపిస్టు ఇంటికే వెళ్లి, ఒక్కొక్కరి ఒంటి తీరు చూసి వ్యాయామాలు నేర్పేవారు. ఆ పద్ధతిలో కాళ్ల బలానికి 5, బ్యాలెన్స్‌కి 12 రకాలు ఉంటాయి. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున. దానికి తోడు కొంత నడక. తర్వాత జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే ఈ పద్ధతిలో పడిపోవడం 35 శాతం దాకా తగ్గింది. 2019లో వచ్చిన ఇంకో పెద్ద సమీక్ష 108 ప్రయోగాలని జల్లెడపట్టింది. మొత్తమ్మీద వ్యాయామంతో పడటం 23 శాతం తగ్గుతోందని తేల్చింది. ఇంతా చేసి కావాల్సిన సామాన్లేంటంటే... ఓ గట్టి బల్ల, చీలమండకి కట్టుకునే చిన్న బరువు. జిమ్ అక్కర్లేదు, ప్రొటీన్ డబ్బా అక్కర్లేదు.

చూడ్డానికి ఇవన్నీ చిన్నపిల్లల ఆటల్లా ఉంటాయి. వంటగట్టు పట్టుకుని మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడటం. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం. ఒక పాదం వేళ్లకి ఇంకో పాదం మడమ ఆనించి పది సెకన్లు నిలబడటం. పక్కకి అడుగులు వేయడం. అసలు మెళకువంతా వాటిని నెమ్మదిగా కష్టం చేయడంలో ఉంది. మొదట రెండు చేతులతో పట్టుకుంటారు, తర్వాత ఒక చెయ్యి, ఆ తర్వాత రెండూ వదిలేస్తారు. ఎప్పుడు వదలాలో చెప్పడానికే ఫిజియోథెరపిస్టు కావాలి. యూట్యూబ్ వీడియోకి తాతయ్య మోకాళ్ల నొప్పి తెలీదు, ఆయన వేసుకునే బీపీ మాత్రా తెలీదు. ఇంకోమాట... ఆసరాకి ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు. అది ఆయనకంటే ముందు పడుతుంది.

‘నేను రోజూ పార్కులో నడుస్తున్నా కదా’ అంటారు. మంచిదే. గుండెకీ షుగర్‌కీ నడక మేలు చేస్తుంది. కానీ ఒక్క నడకతోనే పడిపోవడం తగ్గుతుందనడానికి గట్టి ఆధారాలు దొరకలేదు. తిన్నగా నడిచేటప్పుడు బ్యాలెన్స్‌కి పెద్ద పరీక్ష ఉండదు మరి.

ఒకసారి పడ్డవాళ్ల ఇంట్లో ఇంకో చిక్కు ఉంటుంది. ‘మీరు లేవకండి అత్తయ్యా, నేను తెస్తాగా’ అని కోడలు మంచినీళ్లు చేతికందిస్తుంది. ప్రేమే, కాదనలేం. కానీ లేవని కాళ్లు ఇంకా నీరసిస్తాయి. భయం పెరుగుతుంది, కదలిక తగ్గుతుంది, మళ్లీ పడతారు. పెద్దవాళ్లని కూర్చోబెట్టి చేసే సేవని మనం కాస్త తగ్గించుకోవాలి.

డబ్బు సంగతా? వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010-11లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ కూడా భాగమే. ముందు అక్కడ అడగండి. వెళ్లేటప్పుడు ఆయన వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టరుకి చూపించండి. నిద్రమాత్రలు, కొన్ని బీపీ మందులు లేవగానే కళ్లు తిరిగేలా చేస్తాయి. మీ అంతట మీరు మాత్రం ఆపేయొద్దు. ఈలోగా బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి ఓ కడ్డీ, మంచం నుంచి అక్కడిదాకా రాత్రిపూట ఓ చిన్న లైటు పెట్టించండి.

ఇంత చేసినా ఎప్పుడైనా పడితే, కంగారులో రెక్క పట్టుకుని లాగేయకండి. తుంటి దగ్గర బాగా నొప్పిగా ఉన్నా, ఒక కాలు పొట్టిగానో బయటికి తిరిగో కనిపించినా అస్సలు కదపకుండా 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల తలకి దెబ్బ తగిలితే, బాగానే ఉన్నానన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఇవేం లేకపోతే ఓ నిమిషం ఊపిరి తీసుకోనివ్వండి. పక్కకి ఒత్తిగిలి, చేతులూ మోకాళ్ల మీదికి వచ్చి, దగ్గర్లోని బరువైన కుర్చీ దాకా పాకి, దాన్ని పట్టుకుని ఒక పాదం నేల మీద ఆనించి లేవమనండి. పడకముందే ఇది కూడా ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవచ్చు, మంచం పక్కన పరుపు వేసి.