పిల్లియు పంజరమును

పాలుపోసి పెంచిన పిల్లి పక్షులజోలికి బోదని నమ్మి మేమొక లవ్‌బర్డును గోలుపోయితిమి. పంజరపు తలుపు మూసియే యున్నది. పిల్లి ఊచల సందున పంజా దూర్చినది. కడుపు నిండినను దానికి వేటగుణము పోదు. కావున పిల్లిని గొట్టుట వ్యర్థము, పంజరమునే బలపఱుపవలెను.

అర అంగుళమునకు మించని కన్నులుగల గట్టి యినుపవలను, పంజా లోపలికి అందకుండ రెండు మూడంగుళముల యెడముతో రెండు వరుసలుగా బిగింపుడు. గొళ్లెమునకు తాళము వేయుడు. అరుగులకు, బల్లలకు దూరముగా పంజరము నుంచుడు. వేకువను, మునిమాపున పిల్లికి వేటయందు మక్కువ హెచ్చు. అప్పుడు దానిని వేఱుగదిలో నుంచుడు.

పంటిగాటు చిన్నదైనను పక్షిని వెంటనే పశువైద్యునకు జూపవలెను. పిల్లినోటి సూక్ష్మజీవులు ఒకటి రెండు దినములలోనే ప్రాణము దీయగలవు.

పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటమందురు. ఎలుకకు దూరుటకు కలుగైన గలదు. పంజరములోని పక్షికి మనమే దిక్కు.